చొక్కా విప్పమన్నదెవరు, రవిక వద్దన్నదెవరు?

తిరువనంతపురం పద్మనాభస్వామి గుడి చూసొచ్చినవాళ్ళు మన ఊళ్ళలో చాలామందే ఉంటారు. గుడి వాకిట్లో మగవాళ్ళు చొక్కా, బనియను విప్పి పంచె చుట్టుకోవాలి. పంజాబీ డ్రెస్సులో వచ్చిన ఆడవాళ్ళు దాని మీద ఇంకో గుడ్డ చుట్టుకోవాలి. మగవాడు విప్పితే భక్తి, ఆడమనిషి ఇంకాస్త కప్పుకుంటే భక్తి. 2016 నవంబర్‌లో అక్కడి అధికారి ఒకరు ఆడవాళ్ళను చుడీదార్‌తోనే రానివ్వొచ్చని చెప్పి చూశారు. నెల తిరక్కుండానే కేరళ హైకోర్టు ఈ విషయంలో తంత్రి మాటే చివరి మాట అని తేల్చింది. ఎందుకిలా అని అడిగితే అందరూ ఇచ్చే జవాబు ఒక్కటే: ఇక్కడి ఆచారం అంతే.

ఆ ఆచారం గురించి 2024 డిసెంబర్ 31న శివగిరిలో ఒక మాట బయటపడింది. నారాయణ గురు పేరు మీద ఏటా జరిగే తీర్థయాత్ర సభలో శ్రీనారాయణ ధర్మ సంఘం ట్రస్టు అధ్యక్షుడు స్వామి సచ్చిదానంద మాట్లాడుతూ, గుడికొచ్చిన మగవాడి చొక్కా విప్పించే పద్ధతి మొదలైందే జంధ్యం ఉందో లేదో చూసుకోవడానికని, ఇక దాన్ని వదిలేయాలని అన్నారు. సభకు వచ్చిన ముఖ్యమంత్రి పినరయి విజయన్ ఆ మాటను సమర్థించారు. రెండు రోజులకే నాయర్ సర్వీస్ సొసైటీ ప్రధాన కార్యదర్శి సుకుమారన్ నాయర్ మండిపడ్డారు. ఏ గుడి ఆచారం ఆ గుడిదని, వేరే మతాల ఆచారాల మీద ఇలా మాట్లాడే ధైర్యం ఉందా అని అడిగారు.

జంధ్యం కోసమే ఇది మొదలైందా అన్న దాని మీద చరిత్రకారులు వాదించుకోవచ్చు. 1936 నవంబర్ 12న ఆలయ ప్రవేశ ప్రకటన వచ్చేదాకా తిరువాంకూరు పెద్ద గుళ్ళలోకి అవర్ణులకు అడుగే లేదు కదా అని ఎవరైనా అనొచ్చు కూడా. కానీ చొక్కా లేని భుజం మీద జంధ్యం ఉంటే కనబడుతుంది, లేకపోతే లేనట్టూ కనబడుతుంది. దీనికి చరిత్ర పుస్తకం అక్కర్లేదు.

ఈ గొడవను కేరళ వాళ్ళ గుడి గొడవగా చదివి పక్కన పెట్టేయలేం. 'మన సంస్కృతిలో ఒళ్ళు చూపించుకోవడం లేదు' అనే వాళ్ళతోనూ, 'ఒళ్ళు దాచుకోవడమే బానిసత్వం' అనే వాళ్ళతోనూ మనం క్యాంపస్‌లలో రోజూ వాదిస్తున్నాం. ఆ ఇద్దరూ కొలిచేది గుడ్డనే. ఎంత ఉంది, ఎక్కడిదాకా ఉంది అని. మన వాడల చరిత్రలోంచి చూస్తే అడగాల్సింది వేరే ఉంది. ఆ గుడ్డ ఉండాలో వద్దో చెప్పిందెవరు?

విప్పడమే మర్యాదైన రోజులు

తిరువాంకూరులో రెండు వందల ఏళ్ళ కింద ఎద మీద గుడ్డ లేకపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. పైవాడి ముందు పై గుడ్డ తీసేయడమే మర్యాద. నాయర్ స్త్రీ నంబూద్రి ముందు తీసేది. నాయర్ల ముందు నాడార్లు, ఈళవలు కప్పుకోకూడదు. పులయలు, పరయలు ఎవరి ముందూ కప్పుకోకూడదు. ఇది ఆడవాళ్ళకే కాదు, మగవాళ్ళకీ ఉంది. అంటే ఒంటి మీద గుడ్డను చూసి ఎవరు ఎవరికంటే ఎక్కువో చదువుకోవచ్చు. కప్పుకున్న కింది కులం స్త్రీ వాళ్ళ కంటికి గౌరవంగా బతికే మనిషిలా కనబడలేదు, పొగరెక్కిన మనిషిలా కనబడింది.

ఇది మనకు తెలియని లెక్కేం కాదు. దొర ఎదురుపడితే భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకోవడం, చెప్పులు చేతిలో పట్టుకుని గడీ ముందు నుంచి నడవడం మన తాతల నోటి నుంచి విన్నదే. గోచి, గొంగడి తప్ప ఇంకో బట్ట ఎరగని జీతగాళ్ళ కథలు విన్నాం. మన అమ్మమ్మల్లో రవిక వేసుకోకుండానే బతుకంతా నాట్లేసిన వాళ్ళున్నారు. కొందరికి కొనే స్తోమత లేదు, కొందరికి అలవాటు లేదు, కొన్ని ఊళ్ళలో వేసుకుంటే "ఏందే, దొరసానివైనవా" అనే మాట పడాల్సి వచ్చేది. బ్రాహ్మణ కుటుంబాల్లో వితంతువుకు కూడా రవిక ఉండేది కాదు, తల మీద జుట్టూ ఉండేది కాదు. అంటే ఈ దేశంలో ఆడదాని ఒంటి మీద గుడ్డ ఆమె సిగ్గును బట్టి రాలేదు, ఆమెకిచ్చిన స్థానాన్ని బట్టి వచ్చింది.

తిరువాంకూరులో ఆ లెక్కను మొదట ధిక్కరించింది నాడార్ స్త్రీలు. క్రైస్తవంలోకి మారిన వాళ్ళు పై గుడ్డ వేసుకోవచ్చని బ్రిటిష్ రెసిడెంటు, దివాను కూడా అయిన కల్నల్ మన్రో 1813 ప్రాంతంలో ఉత్తర్వు ఇచ్చాడు. ఆధిపత్య కులాలు గోల చేశాయి. సరే, సిరియన్ క్రైస్తవుల్లా, మాప్పిళల్లా కుప్పాయం అనే రవిక తొడుక్కోండి, నాయర్ స్త్రీల్లా పై గుడ్డ మాత్రం వేసుకోవద్దన్నారు. ఈ ఒక్క ముక్కలోనే అసలు సంగతి ఉంది. ఎద కప్పడమే ముఖ్యమైతే కుప్పాయంతో గొడవ తీరిపోవాలి. మిషనరీలకు కావలసింది కూడా అంతే. బట్ట లేని ఒళ్ళు పాపం అనుకునే వాళ్ళ లెక్కలో రవిక చాలు. నాడార్ స్త్రీలకు అది చాలలేదు. వాళ్ళు రవిక వేసుకుని దాని మీద నాయర్ స్త్రీల్లా పై గుడ్డ కూడా వేసుకున్నారు. వాళ్ళడిగింది సిగ్గు కాపాడుకునే వీలు కాదు, సమానం.

అందుకే దాడులూ అంత గట్టిగా జరిగాయి. 1820లలో సంతల్లో పై గుడ్డలు లాగి చింపారు, బడులు, ప్రార్థనా మందిరాలు తగలబెట్టారు. 1829 ఫిబ్రవరిలో రాణి ప్రకటన వచ్చింది: నాడార్ స్త్రీలు నాయర్ స్త్రీల్లా పై గుడ్డ వేసుకోకూడదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ రాజుకుంది. 1858 చివర్లో, 1859 మొదట్లో ఊళ్ళకు ఊళ్ళు గొడవల్లో మునిగాయి. మద్రాసు గవర్నరు ట్రెవెల్యన్ ఒత్తిడి తెచ్చాక 1859 జులై 26న మహారాజు కొత్త ప్రకటన చేశాడు. దాన్ని మన పుస్తకాల్లో విజయం అని ఒక్క మాటలో రాసేస్తుంటాం. ప్రకటన చదివితే మాత్రం నవ్వొస్తుంది. నాడార్ స్త్రీలు రవిక తొడుక్కోవచ్చు, ముతక బట్ట కప్పుకోవచ్చు, బెస్త స్త్రీల్లా చుట్టుకోవచ్చు, ఎలాగైనా కప్పుకోవచ్చు, కానీ పై కులాల స్త్రీలలా మాత్రం వద్దు. ఎద దాకా ఒప్పుకున్నారు. సమానత్వం దగ్గర ఆగిపోయారు.

ఇక్కడ నంగేలి పేరు ఎత్తకుండా ముందుకు పోతే ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. చేర్తలలో రొమ్ము పన్ను అడగడానికి వచ్చిన వాళ్ళ ముందు తన రొమ్ములు కోసి అరిటాకులో పెట్టిందని చెప్పే ఈళవ స్త్రీ కథ అది. ఆ కాలపు రాతల్లో ఆమె కనబడదు. ముల్లక్కరం అనేది కింది కులాల మగవాళ్ళ మీద వేసే తల పన్నుకు జోడీగా ఆడవాళ్ళ మీద వేసిన పన్నేనని, ఎద కప్పుకున్నందుకు వేసిన పన్ను కాదని కొందరు చరిత్రకారులంటారు. ఆ మాట నిజమైనా మనకు పోయేదేం లేదు. ఆడమనిషి పన్నుకు ఆమె రొమ్ము పేరు పెట్టిన రాజ్యం అది. వాట్సాప్‌లో వచ్చే బొమ్మల ఆధారంగా కాకుండా ప్రకటనలు, తేదీల ఆధారంగా మాట్లాడితే మన వాదన ఇంకా గట్టిగానే నిలబడుతుంది.

నాడార్ల పోరాటం అయిపోయిన యాభై ఏళ్ళకు కూడా పులయ స్త్రీల మెడలో రాతిపూసల దండలు ఉన్నాయి. కల్లుమాల అంటారు. ఎద మీద గుడ్డ వద్దు, ఆ దండలే ఉండాలి, అవి చూడగానే కులం తెలియాలి. అయ్యంకాళి పిలుపుతో 1915లో కొల్లం దగ్గర పెరినాడులో ఆ దండలు తెంచేయాలని సభ పెట్టుకుంటే దాడి జరిగింది, గుడిసెలు కాలాయి. ఆ తర్వాత కొల్లంలో జరిగిన సభలో స్త్రీలు అందరి ముందూ దండలు తెంపి కుప్పపోశారు. దళిత స్త్రీలు తమ ఒంటి మీద ఏముండాలో తామే చెప్పిన రోజుల్లో అది ఒకటి. దానికి రావలసినంత పేరు రాలేదు.

మార్పు అన్ని ఇళ్ళలోకీ ఒకేలా రాలేదు. తర్వాతి కాలంలో తిరు-కొచ్చి ముఖ్యమంత్రి అయిన సి. కేశవన్ తన ఆత్మకథ 'జీవితసమరం'లో తన అత్తగారి సంగతి రాశారు. ఆమె వయసులో ఉన్నప్పుడు ఎవరో ఇచ్చిన రవిక తొడుక్కుంటే కన్నతల్లే తిట్టింది, సిగ్గులేని దానివా అని. రవిక వేసుకోవడం సిగ్గులేనితనం! ఆమె దాన్ని దాచిపెట్టుకుని రాత్రిళ్ళు భర్త వచ్చినప్పుడు తొడుక్కునేది. ఒక్క తరం గడిచేసరికి అదే ఇళ్ళలో రవిక లేకుండా బయటికి రావడం సిగ్గులేనితనం అయింది. ఇప్పుడు దాన్నే సనాతనం అంటున్నారు.

ఈ చరిత్రంతా తొమ్మిదో తరగతి పిల్లలు చదువుకునే అవకాశం కొన్నాళ్ళు ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పుస్తకంలో దుస్తుల సామాజిక చరిత్ర మీద ఒక పాఠం ఉండేది. అందులో కుల ఘర్షణ, దుస్తుల మార్పు అన్న భాగం నుంచి 2017 పరీక్షల్లో ప్రశ్నలు రావని 2016 డిసెంబర్‌లో సీబీఎస్‌ఈ సర్క్యులర్ ఇచ్చింది. 2019లో పాఠం మొత్తం ఎగిరిపోయింది, భారం తగ్గించే పేరుతో. పాఠంలో తమ గురించి రాసిన తీరు మీద నాడార్ల నుంచే అభ్యంతరాలు వచ్చి మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళిన మాట నిజమే. తప్పులుంటే దిద్దాలి. దిద్దడం, తీసేయడం ఒకటి కాదు. ఆ పాఠం చదవని పిల్లలకు ఇప్పుడు మన సంప్రదాయంలో స్త్రీలు ఎప్పుడూ నిండుగానే ఉండేవారని ఎవరు చెప్పినా నమ్ముతారు.

కట్టుకోవడం మన పోరాటం

గాంధీ 1921 సెప్టెంబర్‌లో మదురైలో చొక్కా, తలపాగా వదిలి కొల్లాయి గుడ్డ కట్టాడు. దేశం అది చూసి చలించింది. అదే దేశంలో అంబేద్కర్ సూటు తొడిగాడు. ఇప్పటికీ ఆ సూటు కొందరి కళ్ళలో గుచ్చుకుంటుంది. నీలం సూటు విగ్రహం పెట్టినందుకు జరిగిన దాడులు మనకు లెక్కలేనన్ని. అన్నీ ఉన్నవాడు విప్పితే త్యాగం. ఏదీ లేకుండా చేయబడ్డవాడు తొడుక్కుంటే అహంకారం.

1927 డిసెంబర్‌లో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన సభ అయ్యాక అంబేద్కర్ అక్కడికొచ్చిన స్త్రీలతో విడిగా మాట్లాడాడు. మోకాళ్ళ దాకా చీరకట్టు, ఒంటి నిండా వెండి, కంచు నగలు, ఇవే మిమ్మల్ని అంటరానివాళ్ళుగా చూపే గుర్తులు, వీటిని వదిలేయండి, పాదాల దాకా చీర కట్టండి అన్నాడు. అక్కడున్న వాళ్ళలో చాలామంది వెంటనే కట్టు మార్చుకున్నారని ఉద్యమ చరిత్ర నమోదు చేసింది. ఈ మధ్య మన విద్యార్థి మిత్రులు కొందరు ఇది కూడా బ్రాహ్మణీయ స్త్రీ మర్యాదను మన వాళ్ళ మీద రుద్దడమే కదా అని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. మోకాళ్ళ దాకా చీర కట్టి పొలంలో దిగే స్త్రీకి ఆ కట్టులో తప్పేం లేదు, సౌకర్యం ఉంది. కానీ ఆ కట్టును ఆమె ఎంచుకోలేదు, దాన్ని దాటే వీలే ఆమెకు లేదు. అందుకే మహద్‌లో చీర పాదాల దాకా దిగడాన్ని మేము సిగ్గు నేర్చుకోవడంగా చూడం. అదే చీరను ఇప్పుడు మన ఇళ్ళలో మగవాళ్ళు పరువు పేరుతో కూతుళ్ళ మీద కొలబద్దగా వాడితే మాత్రం అది మహద్ కాదు. ఈ రెండో మాట మన సభల్లో తక్కువ వినబడుతుంది.

ఈ చిక్కు బాగా బయటపడింది కర్ణాటకలో. శివమొగ్గ జిల్లా చంద్రగుత్తిలో రేణుకాంబ గుడి ఉంది. మన ఎల్లమ్మే. మొక్కు ఉన్నవాళ్ళు వరదా నదిలో మునిగి ఒంటి మీద బట్ట లేకుండా గుడి దాకా నడిచే బెత్తలె సేవ అక్కడ ఉండేది. అలా నడిచిన వాళ్ళలో ఎక్కువమంది దళితులు, వెనకబడిన కులాల పేదలు. దళిత సంఘర్ష సమితి దీన్ని ఆపాలని ప్రచారం చేసింది. 1986 మార్చిలో జనం తిరగబడ్డారు. కార్యకర్తలను, ఆడ పోలీసులతో సహా పోలీసులను పట్టుకుని బట్టలు ఊడదీసి ఊరేగించారు. తర్వాత ప్రభుత్వం ఆ సేవను నిషేధించింది. జోగిని వ్యవస్థ మీద పోరాడిన మన తెలంగాణ కార్యకర్తలకు సమితి వాదన వెంటనే అర్థమవుతుంది: అమ్మవారికి ఒళ్ళు ఇచ్చే మొక్కు ఎప్పుడూ పేద కులం పిల్లకే ఎందుకు రాసి ఉంటుంది? దీనికి ఇప్పటిదాకా జవాబు లేదు. అయినా ఇంకో ప్రశ్న మమ్మల్ని వదలడం లేదు. నదిలోంచి లేచి నడిచిన ఆ స్త్రీ తన దేవత ముందు సిగ్గుపడలేదు. సిగ్గు పడాలని ఆమెకు చెప్పింది ఫొటోలు తీసిన వాళ్ళు, పత్రికలు, పోలీసులు, మనం. నిషేధం సరైందే అనుకుంటున్నాం. ఆమెతో మాట్లాడకుండానే సరైందని తేల్చేశామేమో అని కూడా అనుకుంటున్నాం.

విప్పడం ఆయుధమైనప్పుడు

కప్పుకోవడం హక్కుగా మారిన రోజు నుంచి లాగేయడం శిక్షగా మారింది. కప్పుకోవద్దు అని చెప్పే అధికారం చట్టంలో పోయింది, విప్పేసే బలం ఊళ్ళో మిగిలింది. 2006 సెప్టెంబర్ 29న ఖైర్లాంజీలో భోట్‌మాంగే కుటుంబంలో నలుగురిని చంపారు. తల్లీకూతుళ్ళను బట్టలు ఊడదీసి తిప్పారని నిజనిర్ధారణకు వెళ్ళిన వాళ్ళు రాశారు. 2008లో కింది కోర్టు హత్యలకు శిక్షలు వేసింది గానీ అట్రాసిటీ చట్టం వర్తించదంది, స్త్రీల మర్యాదకు భంగం కలిగిందన్న ఆరోపణా నిలబడలేదు. 2010లో బాంబే హైకోర్టు కూడా అందులో కులాన్ని చూడలేదు, పగను చూసింది.

మర్యాద అనే మాటను ఇక్కడ ఆగి చూడాలి. 1860 నాటి శిక్షాస్మృతిలో 354వ సెక్షను స్త్రీ మర్యాదకు భంగం కలిగించడాన్ని నేరం అంది. తెలుగులో మనం దాన్ని శీలం అన్నాం, మానం అన్నాం. అత్యాచారానికే మానభంగం అని పేరు పెట్టుకున్నాం, పోయింది ఆమె మానమే అన్నట్టు. ఈ మాటతో చిక్కేమిటంటే ముందు ఆ స్త్రీకి మర్యాద ఉందని ఎవరో ఒప్పుకోవాలి. పొలంలో, బట్టీలో, పెంటకుప్ప దగ్గర పనిచేసే స్త్రీకి అది ఉందని ఊరు ఎప్పుడూ ఒప్పుకోలేదు. పైగా ఆధిపత్య కులాల స్త్రీ మర్యాదకు భంగం అనే మాటనే మన యువకుల మీద ఆయుధంగా వాడారు. చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిన గొడవకు తోడు మా ఆడవాళ్ళను ఏదో అన్నారన్న ప్రచారం లేచింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల శవాలు లేచాయి. 2014లో హైకోర్టు నిందితులందరినీ వదిలేసింది.

1989 అట్రాసిటీ చట్టం రాసినవాళ్ళు ఊరి అనుభవం నుంచి రాశారు. బలవంతంగా బట్టలు ఊడదీయడం, నగ్నంగా ఊరేగించడం, ముఖానికి, ఒంటికి రంగు పూయడం, ఇవన్నీ విడిగా నేరాలుగా చేర్చారు. బాధితుడు ఆడా మగా అని అడగలేదు. 2015 సవరణలో గుండు గీయడం, మీసాలు తీయడం, చెప్పుల దండ వేయడం కూడా చేరాయి. తూర్పు గోదావరి వెంకటాయపాలెంలో 1996 డిసెంబర్‌లో ఇద్దరు దళిత యువకులకు గుండు గీసిన కేసులో విశాఖ కోర్టు శిక్ష వేయడానికి 2024 ఏప్రిల్ దాకా పట్టింది, వేసింది పద్దెనిమిది నెలలు. గుండు కూడా నగ్నత్వమేనని, మనిషిని తన ఒంటి మీద అధికారం లేనివాడిగా నలుగురికీ చూపించడమేనని ఈ చట్టానికి తెలుసు.

ఆ సవరణలోనే పెద్దగా ఎవరూ చెప్పుకోని ఇంకో మార్పు ఉంది. 1989 చట్టంలో దళిత, ఆదివాసీ స్త్రీల మీద దాడి గురించిన క్లాజులో కూడా అదే పాత మాట, మర్యాదకు భంగం, ఉండేది. 2015లో దాన్ని తీసేశారు. దాని చోట ఇప్పుడు 3(1)(డబ్ల్యూ)లో ఉన్నది సమ్మతి. ఆమె సమ్మతి లేకుండా లైంగికంగా తాకితే నేరం. సమ్మతి అంటే ఆమె తన ఇష్టంతో స్పష్టంగా ఒప్పుకోవడం అనీ, ఎదురు తిరగనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదనీ వివరణ కూడా రాశారు. పోలీసుస్టేషన్‌లో తన మీద జరిగిన అత్యాచారానికి ఎదురు తిరిగిన గుర్తులు లేవని 1978లో సుప్రీంకోర్టు మాట మీద ఓడిపోయిన ఆదివాసీ అమ్మాయి మథుర గుర్తొస్తుంది ఆ వాక్యం చదివితే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత వలస కాలపు చట్టాన్ని తుడిచేశామని గొప్పగా చెప్పుకుంది. అందులో 74, 79 సెక్షన్లు తెరిచి చూడండి. 1860 నాటి మర్యాద అలాగే కూర్చుని ఉంది.

ఇష్టంతో విప్పినప్పుడు

2023 జులైలో రెండు రోజులు వరసగా వచ్చిన దృశ్యాలు ఇప్పటికీ మన కళ్ళ ముందు ఉన్నాయి. 18న రాయ్‌పూర్‌లో ఎస్సీ, ఎస్టీ యువకులు బట్టల్లేకుండా అసెంబ్లీ వైపు రోడ్డు మీద పరుగెత్తారు. నకిలీ కుల ధ్రువపత్రాలతో ఉద్యోగాలు కొట్టేసిన వాళ్ళ మీద చర్య తీసుకోవాలని వాళ్ళ డిమాండు. వాళ్ళను అరెస్టు చేశారు. 19న మణిపూర్ వీడియో బయటికొచ్చింది. మే 4న ఇద్దరు కుకీ-జో స్త్రీలను నగ్నంగా నడిపించిన మూక అందులో కనబడుతుంది. రెండున్నర నెలలు కదలని వ్యవస్థ వీడియో వచ్చాక కదిలింది. రాయ్‌పూర్‌లో మాత్రం గంటలు పట్టలేదు. నగ్నత్వం రెండు చోట్లా ఉంది. ఒకచోట మనుషులు తమ ఒళ్ళు తామే చూపించారు, ఇంకోచోట ఇతరులు చూపించారు. ఏది ముందు కట్టడి చేయాలో రాజ్యానికి బాగా తెలుసు.

అదే మణిపూర్‌లో 2004 జులై 15న, తంగ్జం మనోరమను చంపిన నాలుగు రోజులకు, పన్నెండు మంది తల్లులు కాంగ్లా కోట ముందు అస్సాం రైఫిల్స్ గేటు దగ్గర బట్టలు విప్పి నిలబడ్డారు. ఆ ఏడాది నవంబర్‌లో కోట సైన్యం చేతుల్లోంచి పోయింది. ఆ స్త్రీల దగ్గర ఇంకే ఆయుధమూ మిగల్లేదు. అది స్వేచ్ఛకు గుర్తు అని చప్పట్లు కొట్టే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇంకోవైపు 2023 జూన్‌లో కేరళ హైకోర్టు రెహానా ఫాతిమా కేసు కొట్టేసింది. పిల్లలు ఆమె ఎద మీద బొమ్మ వేస్తున్న వీడియో పెట్టినందుకు పెట్టిన కేసు అది. నగ్నంగా కనబడినంత మాత్రాన అశ్లీలం కాదని, పులికళిలో, తెయ్యంలో మగవాళ్ళ ఒంటి మీద రంగులు వేస్తే ఎవరికీ అభ్యంతరం లేదు కదా అని కోర్టు అడిగింది. మంచి తీర్పు, స్వాగతిస్తాం. తెయ్యం కట్టేది ఎక్కువగా వణ్ణాన్, మలయన్ లాంటి అణగారిన కులాల వాళ్ళన్న ముక్క కూడా కలిపి ఉంటే ఇంకా బాగుండేది. ఒక దళిత కూలీ మనిషి అలాంటి వీడియో పెట్టి ఉంటే ఆమె కేసు హైకోర్టు దాకా వెళ్ళే లోపు ఊళ్ళో ఏం జరిగి ఉండేది?

2022లో కర్ణాటక కాలేజీ గేట్ల దగ్గర ముస్లిం అమ్మాయిల తల మీది గుడ్డ తీయించినప్పుడు మన శిబిరంలో కూడా కొందరు తటపటాయించారు. బురఖా పితృస్వామ్యమే కదా అన్నారు. అయి ఉండొచ్చు, అది ఆ అమ్మాయిలు తేల్చుకోవాల్సిన సంగతి. గేటు దగ్గర నిలబెట్టి తీయమనడం మాత్రం మనకు బాగా తెలిసిన పని. సంతలో పై గుడ్డ లాగిన చేతిని గుర్తుపట్టిన వాళ్ళం, దీన్ని గుర్తుపట్టలేకపోవడం ఏమిటి?

చివరగా కార్యకర్తలకు పనికొచ్చే ఒక విషయం. ఇలాంటి ఘటన జరిగి స్టేషన్‌కు వెళ్ళినప్పుడు మన వాళ్ళు "బట్టలు లాగిర్రు" అని చెబుతారు. రైటరు "మర్యాదకు భంగం కలిగించినారు" అని రాసుకుని ఒక సెక్షను వేసి పంపేస్తాడు. బలవంతంగా అన్న మాట, సమ్మతి లేకుండా అన్న మాట, నలుగురు చూస్తుండగా అన్న మాట ఆ కాగితంలో ఉండవు. 3(1)(డి), 3(1)(ఇ), 3(1)(డబ్ల్యూ) కూడా ఉండవు. బట్టలు ఊడదీయడానికి కనీసం మూడేళ్ళ శిక్ష ఉన్న న్యాయ సంహిత 76వ సెక్షనూ ఉండదు. అట్రాసిటీ చట్టం 4(2)(ఎ) ప్రకారం, నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్న అధికారి సంతకం తీసుకునే ముందు దాన్ని చదివి వినిపించాలి. అది ఆయన దయ కాదు, విధి. కావాలని ఎగ్గొడితే ఆయన మీదే కేసు. చదివించుకోండి. "మర్యాద" అని వినబడితే ఆపి, ఆమె ఏమని చెప్పిందో ఆ మాటే రాయించండి.